ఫేడరు మీద వేలు

కర్నూల్లో ఒక కాలేజీ ఆడిటోరియం.
మూలన బల్ల, బల్ల మీద మిక్సరు, దాని ఎనక నేను.
దస్తగిరి సౌండ్స్.
ఉరుసుకు కట్టినా, ఎలక్షనుకు కట్టినా
గొంతు ఎవరిదైనా గానీ
ఎంత వినపడల్లో చెప్పేది నా వేలు.

పొద్దున్నే ఒక పిల్లోడు వచ్చినాడు.
బాడుగ గౌను, భుజాల మీద నిలవడంల్యా.
"అన్నా, జువాలజీ వాళ్లను పిలిచినప్పుడు
రెండే రెండు నిమిషాలు కార్డ్‌లెస్ ఇప్పియ్యన్నా."
ఐదువందల నోటు, నాలుగు మడతలు.
తీసుకున్యా. దాచేదేముంది,
ఆ నెల యాంప్లిఫయరు కంతు కట్టల్ల.

పేర్లు మొదలైనాయి.
"బి. సుంకులమ్మ. ఎమ్మెస్సీ జువాలజీ. గోల్డ్ మెడల్."
పాతకాలం పేరు. ఎనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్యారు.
నేను బేస్ కొంచెం ఎత్తినా
ఆ పేరు నిలబడి పలకల్లని.
మూడో వరసలో ఒకామె లేచి నిలబడింది.
లేవగూడదని ఎవురూ చెప్పలేదు ఆమెకు.

మెడల్ ఇంకా డబ్బాలోనే ఉండాది,
పిల్లోడు స్టేజీ నడిమధ్య మోకాలు వంచినాడు.
"సుంకూ" అన్యాడు మైకులో.
ఇంట్లో పేరో, వాళ్లిద్దరికే తెలిసిన పేరో,
నాలుగు బాక్సుల్లోంచి ఎనిమిది వందల మంది మీద పడింది.
ఉంగరం డబ్బా మూత టక్కుమనేది కూడా పట్టింది.
అంత మంచి మైకు నాది.

ఫోన్లు లేచినాయి, గాలికి జొన్నచేను లేచినట్టు.
ఎస్ చెప్పు, ఎస్ చెప్పు, ఎస్ చెప్పు.
ఆ బిడ్డ చేతిలో ఒక డబ్బా, ముందర ఒక డబ్బా.
చేతిలోది రెండేండ్లు తుంగభద్ర చేపల పొలుసులు
లెక్కబెట్టి తెచ్చుకున్నదంట, యాంకరమ్మ చెప్పింది.
చెప్పి చప్పట్లకు ఆగే లోపలే
చప్పట్లు ఇంకోదానికి పోయినాయి.

నవ్వింది.
ఎన్ని పెండ్లిండ్లకు కట్టినాను, ఆ నవ్వు నాకు తెలుసబ్బా.
ఫోటో ఆయన "కొంచెం నవ్వమ్మా" అంటే వచ్చేది.
వాని మీద ఇష్టం లేదని కాదు. ఉన్నా ఉండొచ్చు.
ఇష్టానికి కూడా ఒక వాల్యూము ఉంటాది.

మా నిఖా పొద్దు
నేను ఇవతల చాప మీద, ఖాసింబీ అవతల గదిలో.
సాక్షులు పోయి తల వంచి చెవి పెట్టినారు.
మూడు తూర్లు అడిగినారంట.
మూడో తూరికి గానీ రాలేదంట,
చీమ నడిచినంత ఖుబూల్.
మొదటి రెండు తూర్లు ఏం ఆలోచన చేసిందో
ఇంతవరకూ నాకు చెప్పలేదు.

పిల్లోడు మైకును ఆ బిడ్డ నోటి కాడికి తోసినాడు.
దించేసినా.
స్టేజీ, పోడియం, కార్డ్‌లెస్, అన్నీ.

"మైక్! మైక్!"
ప్రిన్సిపాలు నా దిక్కు ఉరిమి చూసినాడు.
వైరేదో ఊడినట్టు బల్ల కిందికి వంగినా.
వంగేముందు చూసినా, ఆ బిడ్డ కూడా వంగింది,
వాని చెవి దాకా.
ఎస్ అంత చిన్నది కాదు చెప్పింది. నో అంత చిన్నదీ కాదు.
నాలుగైదు మాటలు.
వాడు లేచి మోకాలు దులుపుకున్యాడు.
చెరొక పక్క దిగినారు. ఆ స్టేజీకి మెట్లు రెండు పక్కలా ఉంటాయి,
దాన్నిబట్టి ఏమనేకి లేదు.

నోటు ఇంకా వైర్ల డబ్బాలోనే ఉండాది.
వాడు అడగలే, నేను ఇయ్యలే.

సాయంత్రం వైర్లు చుట్టుకుంటుంటే
మూడో వరస ఆమె వచ్చింది.
"నాయినా, ఆ గలాటాలో మా పాప పేరు సరింగా వినలేదు.
ఇంకొక తూరి చెప్తావా దాంట్లో?"
మైకు ఆమె చేతికే ఇచ్చినా.
మరీ మూతికి ఆనించుకునింది. కుయ్యిమనింది.
ఖాళీ కుర్చీలన్నీ ఉలిక్కిపడినాయి.
"కొంచెం ఎడంగా పట్టుకోమ్మా."

ఎడంగా పట్టుకునింది, కొంగు సర్దుకునింది.
బి అంటే ఏందో అందరికీ తెలియల్లని
ఇంటిపేరు కాడినుంచి మొదలుపెట్టింది.